కాలవ దొర సమాధి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వచ్చేవాళ్ళకు ఊరు ఇంకా కనబడకముందే కండక్టరు కేక వినబడేది. "దొర సమాధీ! దొర సమాధి ఎవరప్పా, దిగండి బిరీన!" అని. తీరా దిగి చూస్తే అక్కడ ఊరూ లేదు, పేటా లేదు. రోడ్డుకు రెండు పక్కలా కుంఫిణీ కాలంలో నాటిన చింతచెట్లు, వాటి కింద గచ్చుతో కట్టిన పొడుగాటి దిబ్బ ఒకటి, దాని వెనక కర్నూలు-కడప కాలవ, కాలవకు అవతల చూపు ఆనినంత మేర నల్లరేగడి చేలు, ఆ చివర నీలంగా నల్లమల. అంతే. ఆ మాత్రానికే ఒక బస్సు స్టేజీ. కొత్తవాళ్ళెవరైనా "ఏ దొరండీ?" అని అడిగితే కండక్టరుకు ఒళ్ళు మండేది. "ఏ దొరేంది? మా దొర!" అని రైట్ చెప్పేసేవాడు.

ఆ దొరకు వారసులంటూ ఎవరైనా ఉంటే అది పరంజ్యోతి అయ్యవారి కుటుంబమే. పరంజ్యోతి ఆళ్లగడ్డ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయిన మనిషి. ఆయన జేజినాయన, అంటే తాత, యాకోబు ఒకప్పుడు ఆ దొర దగ్గర గుర్రాన్ని సాకే సాయీసు. కాలవ కొత్తగా పారుతున్న కాలంలో గట్లు తెగకుండా, తూముల దగ్గర నీళ్ళు దొంగతనం పోకుండా చూసుకోవడానికి దొర నంద్యాల బంగళా నుంచి చాగలమర్రి దాకా గుర్రం మీద తిరిగేవాడట. చాగలమర్రి దాటితే కడప జిల్లా, అక్కడ ఇంకో దొర పెత్తనం. ముందు గుర్రం, వెనకాల యాకోబు పరుగు. కలరా వచ్చి పల్లెలు ఖాళీ అవుతుంటే దొర మందు సీసాలు జీనుకు తగిలించుకుని పేటపేటా తిరిగాడనీ, ఆఖరికి ఆ కలరాతోనే చింతచెట్ల కింద ప్రాణం వదిలాడనీ, యాకోబు ఒక్కడే గుంత తవ్వి పూడ్చాడనీ కథ. ఈ కథ ఎవరు చెప్పారంటే ఎవరు చెప్తారు, ఊరే చెప్పింది. పరంజ్యోతి దానికి నాలుగు నగిషీలు చెక్కి, రిటైరయ్యేదాకా ఏటేటా పిల్లలకు చెప్పాడు.

పిల్లలు ఊరుకుంటారా? సమాధి అంత పొడుగెందుకు సార్ అనేవాళ్ళు. నిజమే, ఇద్దరు మనుషులు వరసగా కాళ్ళు బారజాపి పడుకోవచ్చు అందులో. "దొర ఆజానుబాహుడు రా! ఇంగ్లాండు వాళ్ళంటే నీ మాదిరి, నా మాదిరి అనుకుంటాండావా?" అనేవాడు పరంజ్యోతి. మరి పేరు రాసిన రాయి ఏది సార్ అంటే, పటాలం వాళ్ళు ఎత్తుకుపోయినారని చెప్పేవాడు. దేనికీ తడుముకునేవాడు కాదు. ఆయనకు ఆ దొర మీద అంత నమ్మకం.

నమ్మకం ఊరికే రాలేదు. చుట్టుపక్కల పల్లెల్లో ఎద్దు కుంటినా, బర్రె మేత మానినా, కోడెకు తొలిసారి కాడి కట్టాలన్నా, ఆ పశువును దొర సమాధి చుట్టూ తిప్పాల్సిందే. తాడు మాత్రం యాకోబు ఇంటివాళ్ళే పట్టాలి. నానబెట్టిన ఉలవలు గచ్చు మీద పోస్తే పశువు కొన్ని తింటుంది, మిగిలినవి దొరకు వదిలేయాలి. ఏ కులం వాళ్ళకైనా ఇదే పద్ధతి. హోటల్లో మాలపేటవాళ్ళకు టీ గ్లాసు విడిగా పెట్టిన రోజుల్లో కూడా, ఎద్దుకు జబ్బు చేసిందంటే పెద్ద పెద్ద మీసాలవాళ్ళు పేటలోకి నడిచొచ్చి, పరంజ్యోతి నాయన శాంతయ్య గడప ముందు నిలబడి "అప్పా శాంతయ్యా, దొర దగ్గరికి ఒకసారి రాప్పా" అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు వినడం కోసం, ఎవరి ఎద్దుకైనా కాస్త జబ్బు చేస్తే బాగుండునని చిన్నప్పుడు పరంజ్యోతి ప్రార్థన కూడా చేశాడు. చిన్నతనం, దేవుడు మన్నించాడనే అనుకోవాలి.

ఉలవల సంగతి ఒక్కటే ఆయనకు మింగుడుపడేది కాదు. "తెల్లదొరకు ఉలవలేంది, అసయ్యంగా? రొట్టెనో బిస్కత్తో పెట్టినా ఒక అర్థముండాది" అని ఇంట్లో గొణిగేవాడు.

"నువ్వు బిస్కత్తు పెట్టు, నేనొద్దంటినా? ఎద్దు తింటాదేమో సూద్దాం" అనేది ఆయన భార్య జీవమ్మ. ఆవిడ మాట ఎప్పుడూ అంతే, రాయి విసిరినట్టుంటుంది.

ఏడాదిలో ఒక్కరోజు మాత్రం ఆ చోటు పూర్తిగా వాళ్ళది. నవంబరులో సమాధుల పండుగ వస్తుంది కదా, ముందురోజే శాంతయ్య సున్నం కలిపేవాడు. తడిసిన సున్నం వాసనా, చింతాకు రాలిన దారీ, నిండుగా పారే కాలవ చప్పుడూ కలిసి పరంజ్యోతికి పండుగంటే అదే. అమ్మ బంతిపూలు కట్టేది. పొద్దు వాలాక కొవ్వొత్తులు వెలిగిస్తే, పోయే వచ్చే బండ్లవాళ్ళు ఆపి, తలగుడ్డలు తీసి దండం పెట్టి మరీ పోయేవాళ్ళు. ఏం రోజులవి! బండెద్దుల మెడ గంటలు వినీ వినీ, ఏ గంట ఏ ఊరి బండిదో చెప్పగలిగేవాడు పరంజ్యోతి. ఇప్పుడు ఆ రోడ్డు మీద అన్నీ లారీలే, హారను మోతే.

శాంతయ్య పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని ఒకటే చెప్పాడు. "ఆ సమాధిని రోడ్డు పాలు చేయొద్దు నాయనా. ఈ ఊర్లో మనకుండే మర్యాద అదొక్కటే." పరంజ్యోతి అట్లనే అన్నాడు.

ఎనభై ఒకటో సంవత్సరంలో సరిగ్గా ఆ మాటకే ముప్పు వచ్చి పడింది. రోడ్డు వెడల్పు చేస్తారన్నారు. చింతచెట్ల మానులకు తెల్లరంగుతో నంబర్లు పడ్డాయి. సమాధి మీద కూడా ఎవడో అడ్డంగా ఒక గీత గీసిపోయాడు. పరంజ్యోతికి తలప్రాణం తోకకొచ్చింది. రోడ్ల ఓవర్సీరును పట్టుకుని బతిమాలితే, ఆ కుర్రాడు పాపం మంచివాడే, "నేనేం చేసేది సారూ? మీకు గావాలంటే ఎముకలు ఎత్తుకోండి. శనివారం దాకా ఆగుతా. ఆపైన ఈడ రోలరు నడుస్తాది" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పరంజ్యోతి నంద్యాల బస్సెక్కి మిషన్ కాంపౌండుకు పోయాడు. అక్కడి చర్చి పాస్టరు దేవదానం అయ్యగారు ఆయనకు చిన్ననాటి స్నేహితుడు, ఒకే బోర్డింగులో రాగి సంకటి తిని పెరిగినవాళ్ళు. "మన తోటలో తెల్లవాళ్ళ సమాధుల పక్కన ఇంత చోటియ్యి దేవదానం. క్రైస్తవుడు కదా, రోడ్డు కింద తొక్కించుకుంటామా?" అని పరంజ్యోతి అడిగిన తీరుకు అయ్యగారి మనసు కరిగింది. గుంత తవ్విస్తాననీ, శనివారం తానే వచ్చి ప్రార్థన చేసి ఎముకలు తీసుకొస్తాననీ మాటిచ్చాడు.

తిరిగి వస్తుంటే బస్సులో పరంజ్యోతి పొంగిపోయాడు. పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియనివాడికి కూడా కథంతా చెప్పాడు. ఆళ్లగడ్డలో దిగగానే పాత సహోద్యోగి కృష్ణస్వామి ఎదురుపడ్డాడు. అహోబిలం అర్చకుల కుటుంబం వాడు, హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేశాడు. నుదుట నామం, నోట్లో ఎప్పుడూ ఒక ఎగతాళి.

"ఏమయ్యా పరంజ్యోతీ, మీ దొరకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు తెచ్చేకి పోయినావంటనే?"

"తెచ్చినా స్వామీ. శనివారం నువ్వూ రావాల."

"రాకుండా ఎట్లుంటా? మా ఆవు కూడా నీ దొర చుట్టూ తిరిగిందే కదా" అన్నాడు కృష్ణస్వామి. నృసింహస్వామికి దగ్గరుండి సేవ చేసే ఇంటి ఆవు దొర సమాధి చుట్టూ తిరిగిన సంగతి ఆయన ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

శనివారం తెల్లారేసరికి చింతచెట్ల కింద తిరునాళ్ళలా జనం. పరంజ్యోతి ఇస్త్రీ చేసిన పంచె కట్టుకొచ్చాడు. వడ్రంగి చేత మూతకు సిలువ గుర్తు పెట్టించి టేకు పెట్టె తయారు చేయించాడు. ఎముకలు చుట్టడానికి కొత్త తెల్లగుడ్డ తెచ్చాడు. దేవదానం అయ్యగారు తొలి బస్సుకే దిగి, సంచిలోంచి తెల్ల అంగీ తీసి తొడుక్కుని, వాక్యం చదివి, "ఇంగ తవ్వండి" అన్నాడు. గడ్డపార గచ్చు మీద పడ్డ మొదటి దెబ్బకు పరంజ్యోతి కళ్ళు మూసుకున్నాడు. ఆ దెబ్బ తన ఒంటి మీదే పడ్డట్టనిపించింది.

గచ్చు లేచింది. మట్టి తీశారు. చాలాసేపటికి లోపల తవ్వుతున్న మనిషి ఆగిపోయి పైకి చూశాడు. "అయ్యవారూ, ఈ తల ఏందో పెద్దగుండాదే" అన్నాడు.

"దొరది పెద్ద విగ్రహమేలే. మెల్లగా తియ్యి" అన్నాడు పరంజ్యోతి.

"పెద్దంటే... మూరెడు మూతి ఉండాది సారూ. పండ్లు సూడండి."

జనం ఒక్కసారిగా ముందుకు వంగారు. తెల్లగా, పొడుగ్గా, పెద్ద పెద్ద పలకల్లాంటి పళ్ళతో ఆ తల గుంతలో పక్కకు వాలి ఉంది. దొర కాదు సరికదా, అసలు మనిషే కాదు. ఎవడో కుర్రాడు "ఒరే, గుర్రం రా!" అని అరిచాడు. అంతే, నవ్వులు! చింతచెట్ల మీది కొంగలు కూడా లేచిపోయేంత నవ్వులు. పొట్టలు పట్టుకున్నవాళ్ళు కొందరు, రోడ్డు మీద కూలబడినవాళ్ళు కొందరు. దొర గుర్రమైపోయినాడని ఒకడంటే, ముందునుంచీ గుర్రమేనని ఇంకొకడు. కిలీనర్లు లారీలు దిగి మరీ వచ్చారు.

పరంజ్యోతి ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన కలరా, మందు సీసాలు, ఏడడుగుల దొర, అన్నీ ఆ నవ్వుల్లో ఊడ్చుకుపోయాయి. భూమి అక్కడే ఇంకొంచెం తవ్వి తననూ పూడిస్తే బాగుండుననిపించింది.

దేవదానం మెల్లగా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "పరంజ్యోతీ, ఏమనుకోవద్దు. ఆ ప్రార్థన మనుషులకు రాసింది. దీన్ని తీసుకుపోయి ఆ తోటలో ఎట్ల పెట్టేది? సంఘానికి నేనేం చెప్పేది?" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు, నిజంగా నొచ్చుకునే అన్నాడు.

"అట్లయితే మట్టి పోసేయండి. రోలరు వస్తాండాది" అన్నాడు ఓవర్సీరు.

అప్పుడు జనంలోంచి నాగేశ్వరమ్మ ముందుకొచ్చింది. బర్రెల పాడితో ముగ్గురు బిడ్డల్ని పెంచిన మనిషి, ఊళ్ళో ఎవరికీ జంకదు. "ఏందిరా ఆ నవ్వేది?" అని గదమాయించింది. "మీ ఇండ్లలో ఏ గొడ్డు బతకలేదురా దీనివల్ల? నా బర్రె ఈనలేక పడుంటే ఈడికే తోలుకొచ్చినా. దొరకేం తెలుస్తాదిరా గొడ్డు బాధ? గొడ్డుకు తెలుస్తాది!" ఆమె నోటికి జడిసి నవ్వులు కాస్త సద్దుమణిగాయి.

పరంజ్యోతికి మాత్రం అదేదీ వినబడటం లేదు. గుంత అంచున గొంతుకూర్చున్నాడు. జీవమ్మ వచ్చి పక్కనే కూర్చుంది. ఆవిడ కూడా నవ్వుతుందేమోనని ఆయనకు లోపల భయం. ఆవిడ నవ్వలేదు, లోపలికి తొంగి చూస్తూ ఉంది.

"ఏమయ్యా, తల కింద రాయి పెట్టినారు సూడు" అంది.

నిజమే. నున్నటి బండ ఒకటి, తలగడలా. ఎవరో ఏటి ఒడ్డున ఏరి తెచ్చిన రాయి అది.

"అవేంది, ఆ పక్కన?"

తల పక్కన తుప్పు పట్టిన ఇనుప లాడాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కాళ్ళ ఎముకల దగ్గర ఒక్కటీ లేదు. పూడ్చే ముందు ఎవరో ఓపికగా నాలుగు డెక్కలకూ మేకులు పీకి, లాడాలు ఊడదీసి, జాగ్రత్తగా పక్కన పెట్టారు. ఇంటికొచ్చిన మనిషి చెప్పులు విడిచి పడుకున్నట్టుంది ఆ గుర్రం.

"పండుకునేటప్పుడు కాళ్ళకు బరువెందుకని తీసినట్టుండారు" అంది జీవమ్మ. ఎన్నడూ లేనిది ఆవిడ గొంతు మెత్తగా ఉంది.

అప్పుడు పరంజ్యోతికి జేజినాయన చేతులు గుర్తుకొచ్చాయి. తను బాగా చిన్నపిల్లవాడు, యాకోబు పండు ముసలి. సాయంత్రాలు మనవణ్ణి వేలు పట్టుకుని ఇక్కడికే తీసుకొచ్చేవాడు. మాట్లాడేవాడు కాదు. పంచె కొంగులోంచి ఉలవలు తీసి గచ్చు మీద పోసేవాడు. ఆ పద్ధతి మొదలుపెట్టింది ఊరివాళ్ళు కాదు, ముసలాయనే. తర్వాత వేళ్ళ కణుపులతో గచ్చును ఒకచోట మెల్లగా రుద్దుతూ నిలబడేవాడు. ఎప్పుడూ అక్కడే, ఇప్పుడు తల దొరికిన చోటే. పిల్లాడికి అప్పట్లో అర్థం కాలేదు. ఇక్కడ ఎవరున్నారు జేజినాయనా అని అడిగితే, ముసలాయన "మనోళ్ళే నాయనా" అనేవాడు. దొర అని ఏనాడూ అనలేదు. దొర అన్నది ఊరు. సర్కారు రోడ్డు పక్కన, మాలపేట సాయీసు ఒక గుర్రానికి గచ్చు సమాధి కట్టాడంటే ఒక్కరోజైనా ఉండనిచ్చేవాళ్ళా? ఊరు దొర అనుకుంది, ముసలాయన కాదనలేదు.

మరి ఆ దొర ఏమైనట్టు? ఏమవుతాడు, గుర్రం పోతే ఇంకో గుర్రం ఎక్కి ఉంటాడు. నంద్యాలలో రైలెక్కి, మద్రాసులో ఓడెక్కి, వాళ్ళ ఊళ్ళో మెత్తటి పరుపు మీద హాయిగా పోయుంటాడు. వెళ్తూ వెళ్తూ ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశాడో లేదో! ఆయన కోసమా తను ఏటేటా కొవ్వొత్తులు వెలిగించింది? పరంజ్యోతికి ఒళ్ళంతా మంట పుట్టింది. ఆ వెంటనే, లాడాలు ఊడదీస్తూ ఈ చింతచెట్ల కింద ఒంటరిగా కూర్చున్న పడుచు యాకోబు కళ్ళకు కట్టి, బొటబొటా నీళ్ళు కారాయి. నలుగురూ చూస్తున్నారని కూడా చూసుకోలేదు. ఏడ్చాడు.

తర్వాత లేచి, ఇస్త్రీ పంచె మోకాళ్ళ పైకి కట్టి, తానే గుంతలోకి దిగాడు. "ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు. తల రెండు చేతులా ఎత్తి పెట్టెలో పెట్టబోతే పట్టలేదు. పెట్టెను అట్లా పక్కకు తోసి, తెల్లగుడ్డ పరిచి, ఎముకలన్నీ అందులోకే చేర్చాడు. లాడాలు కూడా తీసుకున్నాడు, తలగడ రాయిని కృష్ణస్వామి అందుకున్నాడు.

"యాడికప్పా?" అంది నాగేశ్వరమ్మ.

"మా చేనికి. కాలవ గట్టు కింద అర ఎకరముండాది. ఆడ రోడ్డు రాదు."

"మా బండి కడతా ఉండు" అని ఆమె పరుగెత్తింది.

బండి కాలవ గట్టు వెంబడి నడిచింది. నవ్వినవాళ్ళలో సగం మంది ఇళ్ళకు పోయారు, సగం మంది ఎందుకో బండి వెనకే వచ్చారు. దేవదానం నంద్యాల బస్సు ఎక్కలేదు. తెల్ల అంగీ విప్పి సంచిలో పెట్టుకుని, ఒట్టి చొక్కాతో నడిచొచ్చాడు. "ప్రార్థన చేయలేను గాని పరంజ్యోతీ, మట్టి పోస్తాలే" అన్నాడు.

చేలో వేపచెట్టు కింద గుంత తవ్వారు. పరంజ్యోతి తలగడ రాయి సర్ది, దాని మీద తల వాల్చి, లాడాలు పక్కన పేర్చాడు. అందరూ తలా పిడికెడు మట్టి పోశారు. ఇక ఎవరో ఒకరు ఒక మాట చెప్పాలి కదా. అందరూ పరంజ్యోతి వైపు చూశారు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, మా దొర..." అని అలవాటుగా అందుకుని ఆగిపోయాడు. గొంతు సవరించుకుని "ప్రభువా, దొర గుర్రం..." అన్నాడు. మళ్ళీ ఆగిపోయాడు.

"పేరు చెప్పయ్యా, దేవుడికి తెలియొద్దా?" అంది జీవమ్మ గొణుగుతున్నట్టు.

పేరు ఎవరికి తెలుసు? తెలిసిన ఒక్కడూ చెప్పకుండానే పోయాడు. పరంజ్యోతి కళ్ళు తెరిచి, నల్లమల వైపొకసారి చూసి, చేతులు జోడించాడు.

"ప్రభువా, ఇది యాకోబు గుర్రం" అన్నాడు. "ఆయన దగ్గరికి పంపించు."

అందరూ ఆమెన్ అన్నారు. కృష్ణస్వామి కూడా అన్నాడు.